టోక జేబు

ఆ పొద్దున భీమన్న అనుకున్న పని చాలా చిన్నది. దొర వడ్డేపల్లి వైపు బయలుదేరగానే బంగళా వరండా కడిగి, స్నానం చేసి, మల్దకల్ తిమ్మప్పను తలచుకుని ఒక దండం పెట్టి, కడుపునిండా అంబలి తాగాలి. గద్వాల ముసాఫిరు బంగళాలో అతనిది ఆరు నెలలుగా కచ్చా కొలువు. దిగిన దొర పోయేటప్పుడు బంగళా బుక్కులో రెండు మంచి మాటలు రాస్తే అది పక్కా అవుతుంది. ఇదివరకు ఉన్న మనిషి కొలువు, కుండలో నీళ్లు వాసన వచ్చాయని ఒక దొర రాసిన ఒక్క వాక్యంతో పోయింది.

ఈ దొర వంతెనలకు కొలతలు తీసే ఇంజనీరు. వెంట ఒక బుల్డాగును తెచ్చుకున్నాడు. దాన్ని “బుల్లీ” అని పిలుస్తాడు. మూతి నలిగి, మెడంతా మడతలు పడి, ఒక మనిషి ఎత్తలేనంత బరువున్న ఆ జీవికి బుల్లి అని పేరెందుకు పెట్టారో ఎవరికీ అంతుపట్టలేదు. అది ఎండకు ఆగదని దాన్నీ, ఎండలో పనికి రాదని తన ఉన్ని కోటునూ బంగళాలోనే వదిలి, దొర ఎనిమిది రోజుల పనికి మోటారు ఎక్కాడు. ఎక్కి, వరండా వైపు వేలు చూపించాడు.

“బీమనా! టోక జేబు. రోజు టడి గుడ్డ, సాఫ్. టర్వాట సూకా. పౌడర్. బూల్నా మత్!”

భీమన్న చేతిలో ఒక పౌడర్ డబ్బా పెట్టి వెళ్లిపోయాడు. వేలు చూపిన చోట కొయ్యకు కోటు వేలాడుతోంది. సరిగ్గా దాని కిందనే కుక్క పడుకుని ఉంది.

“టోక అంటే ఏంది మియా?” అని భీమన్న బంగళా వంటవాడు చోటే మియాను అడిగాడు.

“నిన్న పొద్దుగాల దొర ఏమడిగిండు? డోకి గుడ్లు అన్నడు. కోడిగుడ్లు పెడితే తిన్నడా, లేదా? ఆయన నాలుక మీద అచ్చరాలు ఎనక ముందయితయి భాయ్. డోకి అంటే కోడి. గట్లనే టోక అంటే...”

“కోట! కోటు జేబు!”

“మరి జేబు కోటుకు గాక కుక్కకుంటదా?”



భీమన్న ఆ రోజే కోటు జేబును తడిగుడ్డతో తుడిచాడు, ఎండబెట్టాడు, పౌడర్ చల్లాడు. భార్య అనంతమ్మ ఊడుస్తూ చూసింది. “ఏమయ్యా, తొడుక్కోని కోటుకు జేబు రోజు గలీజయితదా?”

“దొరల సంగతి నీకు తెల్వదు, ఊకో.”

రెండో రోజు తడిగుడ్డ తగలగానే నిన్నటి పౌడర్ ముద్దయింది. కుంకుడు రసంతో కడిగాడు. మూడో రోజు జేబు ఎంతకీ ఆరలేదు. దొర సూకా అన్నాడు కదా అని నాలుగో రోజు ఇస్త్రీ పెట్టెలో నిప్పులు నింపి అదిమాడు. పెట్టె ఎత్తి చూస్తే జేబుకు అరచేయంత బొక్క పడింది.

“అయిపాయె! నా కొలువు పాయె!” అని భీమన్న అక్కడే కూలబడ్డాడు.

అనంతమ్మ మగ్గాలవాళ్ల ఇంటి ఆడపిల్ల. “జర పరేషాన్ గాకు” అని, పుట్టింటి మగ్గం మీద మిగిలిన పట్టుగుడ్డ తెచ్చి, కాలిన ముక్క కత్తిరించి కొత్త జేబు కుట్టింది. ఆ గుడ్డకు బెత్తెడు జరీ అంచు ఉంది. వేరే గుడ్డ లేదు.

ఈ హడావిడిలో కుక్కను ఎవరూ పట్టించుకోలేదు. అయిదో రోజు అది పిర్రల మీద కూర్చుని వరండా ఈ చివరి నుంచి ఆ చివరి దాకా డేక్కుంటూ పోయింది. దాని వెనక ఒక పాడు వాసన కూడా పోయింది.

“కడుపుల పురుగులున్నయి. గోష్ ముక్కలు ఏసుడు బంద్ చెయ్యాలె” అన్నాడు చోటే మియా.

“దొర మీద బెంగ పెట్టుకుంది” అన్నాడు భీమన్న.

అనంతమ్మ కుక్క పక్కన కూర్చుని, ముడిలా బిగుసుకున్న పొట్టి తోకను మెల్లగా పైకెత్తింది. దాని కింద వేలు పట్టేంత మడత. లోపల ఎర్రగా, తడిగా, మురికితో నిండి ఉంది. ముగ్గురు పసిపిల్లల మెడ మడతలు తుడిచి పెంచిన చేయి అది. గోరువెచ్చని ఉప్పునీళ్లలో మెత్తని గుడ్డ ముంచి తుడిచింది, తడి లేకుండా అద్దింది. కుక్క కళ్లు మూసుకుని నిట్టూర్చింది. పౌడర్ కోసం చూస్తే డబ్బా ఖాళీ. ఇస్త్రీ అయ్యాక కోటు జేబులో చల్లుదామని భీమన్న పొట్లం కట్టి పెట్టిన పౌడర్ ఉంది. ఆ పొట్లం విప్పుతూ ఆమె ఆగిపోయింది.

“తడిగుడ్డ, సూకా, పౌడర్... ఓ అయ్యా! దొర తోకనే అన్నడు. జేబంటే ఈ మడతనే. మీరిద్దరు గలిసి దాన్ని కోటు జేసిండ్రు.”

భీమన్న చోటే మియా వైపు చూశాడు. చోటే మియాకు పొయ్యి మీద ఏదో మాడుతున్నట్టు గుర్తొచ్చింది.

ఎనిమిదో రోజు దొర వచ్చాడు. వచ్చీరాగానే కుక్క తోక ఎత్తి చూశాడు, వేలు పెట్టి వాసన చూశాడు. “బహుట్ సాఫ్! షాబాష్, బీమనా!” అని బుక్కు తెప్పించి, అక్కడికక్కడే రాశాడు. కొలువు పక్కా చేయమని రాశాడని చోటే మియా భీమన్న చెవిలో ఊదాడు. తరువాత దొర సర్కారు కచేరీకి పోవాలని కోటు తొడిగి జేబులో చేయి పెట్టాడు. చేతితో పాటు జేబు బయటికి వచ్చి, ఎండలో జరీ మెరిసింది.

అబద్ధం ఆడితే బతకవచ్చు గానీ, తిమ్మప్ప చూస్తుంటాడు. ఆయనకంటే దగ్గర నుంచి అనంతమ్మ చూస్తోంది. భీమన్న చేతులు జోడించి, డోకి గుడ్ల దగ్గరి నుంచి ఉప్పునీళ్ల దాకా అంతా చెప్పాడు. చోటే మియా తన మాటలు తప్ప మిగతావన్నీ హిందుస్తానీలో వినిపించాడు.

దొర కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. మళ్లీ కలం తీశాడు. బుక్కులో భీమన్న పేరు మీద గీత కొట్టి, అనంతమ్మ పేరు అడిగి రాశాడు. ఇంకో రెండు రోజులు ఇక్కడే ఉంటానన్నాడు.

నెల తిరగకుండానే కచేరీ నుంచి ఆమె పేరున పక్కా కొలువు హుకుం వచ్చింది. అనంతమ్మ అంతదాకా ఆగలేదు. దొర రాసిన మరునాడు పొద్దుననే భీమన్నకు మొదటి పని చెప్పింది. తోక అన్న మాట మాత్రం రెండుసార్లు చెప్పింది.