అక్క పోలిక

ఆదివారం ఉదయం ఆనందబాబు హాల్లో అటూ ఇటూ తిరుగుతూ ఒక అబద్ధాన్ని వల్లె వేస్తున్నాడు.

"సెడోనా వెళ్ళింది. ఆఫీసు వాళ్ళతో రిట్రీట్. సెడోనా వెళ్ళింది. ఆఫీసు వాళ్ళతో..."

"ముందు ఆ చెమటలు తుడుచుకోండి," అంది అతని భార్య జ్ఞానప్రసూన, పెదవులు కదపకుండా. ఆమె రిక్లైనర్‌లో దిండ్లకి ఆనుకుని కూర్చుంది. గడ్డం కింద నుంచి నడినెత్తి దాకా కట్టు. కళ్ళ చుట్టూ నేరేడుపండు రంగు. జారిన ముఖాన్ని బిగించే ఫేస్‌లిఫ్ట్, దాంతోపాటే కనురెప్పల సర్జరీ అయి ఇంకా వారం కాలేదు. మాటలు పళ్ళ సందు నుంచి వస్తున్నాయి.

వాళ్ళ ప్లాన్ సులువైనదే. అరిజోనాలో వాళ్ళుండే చాండ్లర్ తెలుగు చర్చిలో ఆనందబాబు తబలా వాయిస్తాడు. అతను కూడా రాకపోతే అందరూ ఇంటికి వచ్చేస్తారు. కాబట్టి అతను వెళ్ళాలి, ఈ రెండు వాక్యాలు చెప్పాలి, తబలా వాయించాలి, వచ్చేయాలి. వాపు తగ్గాక ఏదో ఒక ఆదివారం ఆమె మామూలుగా వెళ్ళి కూర్చుంటుంది. ఎవరైనా ముఖంలోకి చూస్తే, ఈ మధ్య నిద్ర బాగా పడుతోందంటుంది.

నిజానికి జ్ఞానప్రసూనకు అందం మీద మోజు ఏనాడూ లేదు. పెళ్ళిలో కూడా పౌడర్ తప్ప ఏమీ రాయనివ్వని మనిషి. బాధంతా అక్క వల్ల వచ్చింది. అక్క ప్రేమజ్యోతి అదే ఊళ్ళో, రెండు వీధుల అవతల ఉండేది. రెండేళ్ళ కిందట క్యాన్సర్‌తో పోయింది. చిన్నప్పుడు వీళ్ళిద్దరినీ అక్కాచెల్లెళ్ళంటే ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. అక్కది గుండ్రటి ముఖం, ఈమెది కోల ముఖం. యాభై దాటాక మాత్రం ఏం జరిగిందో ఏమో, జ్ఞానప్రసూన బుగ్గలు జారాయి, నోటికి అటూ ఇటూ గీతలు పడ్డాయి, ఎడమ కంటి రెప్ప కాస్త వాలింది. చూస్తుండగానే అక్క ముఖం వచ్చి ఆమె ముఖం మీద కూర్చుంది.

"అచ్చం మీ అక్కే కూర్చున్నట్టుందమ్మా," అని చర్చిలో ప్రేమగా అనేవాళ్ళు. ఆమె నవ్వేది. ఇంటికి వచ్చి బాత్‌రూమ్ లైటు వేయకుండానే ముఖం కడుక్కునేది. అద్దంలో కనిపించే అక్క మామూలు అక్క కాదు, ఆస్పత్రిలో చివరి నెలల అక్క. ఒక ఉదయం పళ్ళు తోముకుంటూ, "ఇవాళ ఎలా ఉందక్కా?" అని అద్దాన్ని అడిగేసింది కూడా. అడిగిన తర్వాత సింక్ పట్టుకుని చాలాసేపు నిలబడిపోయింది.

సర్జన్‌తో ఇవన్నీ చెప్పలేదు. ఎప్పుడు చూసినా అలసిపోయినట్టు కనిపిస్తున్నానని మాత్రం చెప్పింది. భర్త మొదట వద్దన్నాడు. "అక్కని ముఖాన మోసుకుని తిరగలేనండీ," అంది. ఆ మాటకి ఆనందబాబు ఒప్పుకున్నాడు.

చర్చి మెట్ల దగ్గరే సిస్టర్ క్రిస్టినా ఎదురైంది. ఎవరింట్లో ఏ కష్టమొచ్చినా ముందుగా వంట చేసి పట్టుకెళ్ళే మనిషి. కష్టం వచ్చిందో లేదో తేలే లోపే వంట అయిపోతుంది.

"వందనాలు బ్రదర్. ప్రసూన ఏదీ?"

"సెడోనా వెళ్ళిందండీ."

"అవునా! ఎవరితో?"

రెండో వాక్యం ఆనందబాబు బుర్రలోంచి ఎగిరిపోయింది. "ఒక్కతే," అన్నాడు.

"ఒక్కతేనా? ఎప్పుడొస్తుంది?"

"ముఖం..." అని నాలిక కరుచుకున్నాడు. "మనసు చక్కబడ్డాక వస్తుందండీ."

క్రిస్టినా అతని వైపు జాలిగా చూసింది. ఆ రోజు తబలా తాళం తప్పడం కూడా అందరూ గమనించారు. ప్రార్థన ముగిసేసరికి జ్ఞానప్రసూన మొగుణ్ణి వదిలేసి వెళ్ళిపోయిందన్న సంగతి పార్కింగ్ లాట్ దాటింది.

సాయంత్రం క్రిస్టినా గోంగూర మటన్ పట్టుకుని వచ్చింది. ఒంటరివాడు ఏం తింటాడో అని ఆవిడ బాధ. ఆనందబాబు తలుపు కొంచెం తీసి, గిన్నె అందుకుని, థాంక్స్ చెప్పి పంపించేద్దామనుకున్నాడు. గిన్నె వేడిగా ఉంది. రెండు చేతులూ కాలి వెనక్కి తగ్గాడు. తలుపు బార్లా తెరుచుకుంది. ఎదురుగా రిక్లైనర్‌లో స్ట్రాతో సూప్ తాగుతున్న జ్ఞానప్రసూన కనబడింది. కట్టు, కమిలిన కళ్ళు, ఉబ్బిన బుగ్గలు అన్నీ కనబడ్డాయి. ఆమె గబుక్కున దుప్పటి నెత్తి మీదకి లాక్కుంది. అదే అన్నిటికన్నా పెద్ద సాక్ష్యమైంది.

"బ్రదర్!" అంది క్రిస్టినా, గుమ్మంలోనే కొయ్యబారిపోయి. "తబలా వాయించే చేతులు కదా బ్రదర్!"

మర్నాడు పాస్టర్ సైలస్ వచ్చాడు. నెమ్మదైన మనిషి. ప్రేమజ్యోతిని సమాధి చేసినప్పుడు ప్రార్థన మధ్యలో ఏడ్చేసినవాడు. ఆనందబాబుని ముందు గదిలో కూర్చోబెట్టి చెయ్యి పట్టుకున్నాడు.

"జరిగింది నాకు తెలిసింది బ్రదర్. దాచొద్దు."

తెలిసిపోయిందని ఆనందబాబు ప్రాణం తేలికపడింది. "నేను వద్దనే అన్నానండీ. తనే కావాలంది."

"తనే కావాలందా?"

"నెలల తరబడి అడిగింది. నొప్పైనా ఓర్చుకుంటానంది. ఇంక నాకు కాదనబుద్ధి కాలేదు."

పాస్టర్ చెయ్యి వదిలేశాడు. "భార్య ఓర్చుకుంటానంటే మాత్రం, బ్రదర్! ఈ దేశంలో ఇది పోలీస్ కేసు. సిస్టర్ క్రిస్టినా నిన్నటి నుంచీ ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నారు. నేనే ఆపాను."

లోపల గదిలో ఇది విన్న జ్ఞానప్రసూన లేచి, చున్నీ కప్పుకుని, గోడ పట్టుకుని బయటికి వచ్చింది. పాతికేళ్ళుగా చీమకి కూడా హాని చేయని మనిషి తన మూలంగా జైలుకి పోయేలా ఉన్నాడు.

"ఆయనేం చేయలేదు పాస్టర్ గారూ. నాకు ఆపరేషన్ అయింది."

"ఆపరేషనా? దేనికమ్మా?"

ముఖానికి అని చెప్పాలి. అక్కని సమాధి చేసిన మనిషితో, అక్క పోలిక నాకొద్దని కోయించుకున్నానని ఎలా చెప్పడం? "తలకి," అంది.

పాస్టర్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "గడ్డా అమ్మా?"

కాదని తల అడ్డంగా ఊపబోయింది. చెవుల వెనక కుట్లు లాగాయి, మెడ పక్కకి తిరగలేదు. నొప్పికి తల కిందికి మాత్రం వాలింది. ఆయన దాన్ని అవుననే అనుకున్నాడు. ఆమె నోరు తెరిచేలోపే మోకాళ్ళ మీద కూర్చుని, "ప్రభువా, ఈ కుటుంబాన్ని ఇంకెంత కాలం పరీక్షిస్తావు?" అని ఏడ్చాడు. అలా ఏడుస్తున్న మనిషిని ఆపి ఫేస్‌లిఫ్ట్ అని చెప్పగల ధైర్యం ఆ ఇంట్లో ఇద్దరికీ లేకపోయింది.

ఆ సాయంత్రానికి ప్రేయర్ గ్రూప్‌లో మెసేజ్ వెళ్ళింది. అక్కకొచ్చిందే చెల్లెలికీ వచ్చిందన్నారు. ఉపవాస ప్రార్థన పెట్టారు. పక్క ఊళ్ళు మెసా నుంచి, టెంపీ నుంచి ఫోన్లు. ఎవరో ముక్కు చీదుకుంటూ వాయిస్ మెసేజ్ పెట్టారు. క్రిస్టినా ఆనందబాబుకి ఫోన్ చేసి, "నన్ను క్షమించు తమ్ముడూ, నిన్ను అనుమానించాను," అని వెక్కివెక్కి ఏడ్చింది. అతనూ ఏడ్చాడు. ఏం చేయాలో తెలియక ఏడ్చాడు.

"రేపు చెప్పేద్దామండీ," అంది జ్ఞానప్రసూన.

"రేపు నలభై మంది మనింటికే వస్తున్నారు," అన్నాడు.

వచ్చారు. కార్పెట్ మీద దుప్పట్లు పరుచుకుని కూర్చున్నారు. జ్ఞానప్రసూన ముఖం మీదికి చున్నీ లాక్కుని మధ్యలో కూర్చుంది. ఆమె కోసం మనుషులు తిండి మానేసి పాడుతుంటే, చున్నీ లోపల సిగ్గుతో దహించుకుపోయింది. ఈ పాట అయ్యాక చెప్పేస్తాను అనుకుంది. ఆ పాట అయ్యేలోగా ఇంకో పాట ఎత్తుకున్నారు. అప్పుడు తలుపు తోసుకుని దేదీప్య వచ్చింది.

దేదీప్య ప్రేమజ్యోతి కూతురు. శాంటా క్లారాలో ఉద్యోగం. తండ్రి ముందే పోయాడు. జ్ఞానప్రసూనకు పిల్లలు లేరు. అక్క పోయిన దగ్గర నుంచి ఆ పిల్ల నెలకోసారి ఫ్లైట్ ఎక్కి వచ్చేది. వచ్చి పెద్దగా మాట్లాడేది కాదు. సోఫాలో ఎదురుగా కూర్చుని పిన్ని కూరలు తరుగుతుంటే, టీవీ చూస్తుంటే అలా చూస్తూ ఉండేది. చూస్తూ చూస్తూ లేచి బాత్‌రూమ్‌లోకి వెళ్ళి, ఎర్రటి కళ్ళతో వచ్చేది. ఆపరేషన్ అయిన దగ్గర నుంచి పిన్ని వీడియో కాల్ ఎత్తడం లేదు. పిన్నికి క్యాన్సరన్న మాట ఆ పిల్లకి శాంటా క్లారాలోని తెలుగు చర్చి వాళ్ళ ద్వారా చేరింది.

భుజాన బ్యాగ్ అలాగే ఉండగా జనం మధ్య నుంచి వచ్చి పిన్ని ముందు కూలబడింది. "పిన్నీ, ఏ స్టేజ్? నాకెందుకు చెప్పలేదు? అమ్మ కూడా ఇలాగే హైడ్ చేసింది. మీరిద్దరూ ఎందుకిలా చేస్తారు నన్ను?"

పాట ఆగిపోయింది. జ్ఞానప్రసూన ఆ పిల్ల చెయ్యి పట్టుకుని లేచి, పడక గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసింది.

"గడ్డ లేదు. క్యాన్సర్ లేదు. ఏమీ లేదు తల్లీ."

"అబద్ధం చెప్పకు."

"ఒట్టు. ఫేస్‌లిఫ్ట్ చేయించుకున్నానే."

దేదీప్య ఆమె వంకే చూసింది. తర్వాత నవ్వింది. కడుపు పట్టుకుని, మంచం మీద పడి, కన్నీళ్ళు వచ్చేలా నవ్వింది. "ఓ మై గాడ్ పిన్నీ! నేను ఫ్లైట్‌లో అంతా ఏడ్చాను. పక్కనాయన తన నాప్‌కిన్స్ అన్నీ నాకిచ్చేశాడు. ఫేస్‌లిఫ్టా!" జ్ఞానప్రసూనకీ నవ్వొచ్చింది కాని బుగ్గలు కదల్లేదు.

"చూపించు," అంది దేదీప్య.

చున్నీ తీసింది. కట్టు ఆ ఉదయమే కొంత విప్పారు. దేదీప్య నవ్వుతూనే దగ్గరికి జరిగింది. చూసింది. తల ఇటు వంచి చూసింది. ఎడమ కన్ను చూసింది, నోటి పక్కన గీతలుండే చోటు వేలితో తడిమింది. ఆ బుగ్గకి ఇంకా స్పర్శ రాలేదు. వేలు తగిలినట్టు జ్ఞానప్రసూనకు తెలియలేదు. ఆ పిల్ల ముఖంలో నవ్వు ఆరిపోవడం మాత్రం తెలిసింది.

"అమ్మ ఏదీ?" అంది దేదీప్య.

జ్ఞానప్రసూన చెయ్యెత్తి తన బుగ్గ తడుముకుంది.

"అమ్మ ఇక్కడుండేది కదా పిన్నీ."

"నన్ను చూసినప్పుడల్లా నువ్వు ఏడ్చేదానివి కదే," అంది జ్ఞానప్రసూన. "నా ముఖం నిన్ను ఏడిపిస్తోందనుకున్నాను. నాకూ అంతే. అద్దంలో చూడలేకపోయేదాన్ని. ఇద్దరికీ మంచిదవుతుందని..."

"నేను ఏడవడానికే కదా వచ్చేది. ఇంకెక్కడ ఏడవాలి? అక్కడ నా రూమ్మేట్స్‌కి అమ్మ ఎవరో కూడా తెలీదు."

ఇద్దరూ మంచం మీద పక్కపక్కన కూర్చుండిపోయారు. ఏడవకూడదని సర్జన్ గట్టిగా చెప్పాడు, వాపు పెరుగుతుందని. జ్ఞానప్రసూన ఏడ్చింది. వాపు పెరిగింది. దేదీప్య లేచి ఫ్రీజర్‌లోంచి బఠాణీల ప్యాకెట్ తెచ్చి, టవల్‌లో చుట్టి, పిన్ని కళ్ళ మీద పెట్టి పట్టుకుంది.

తర్వాత ఇద్దరూ కలిసి హాల్లోకి వచ్చారు. జ్ఞానప్రసూన చున్నీ లేకుండానే నిలబడి ఉన్నదున్నట్టు చెప్పింది. అక్క సంగతీ చెప్పింది. పాస్టర్ సైలస్ "గడ్డ లేదు. దేవునికి స్తోత్రం," అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు.

"రెండు పూటలు ఉపవాసం ఉన్నాను," అంది క్రిస్టినా. తర్వాత లేచి వచ్చి జ్ఞానప్రసూనను పక్క నుంచి, కుట్లు తగలకుండా, కావలించుకుంది. "ప్రేమజ్యోతి పోలిక అని ఎక్కువ సార్లు అన్నది నేనేనే. నాకూ ఆమెను చూసినట్టుండేది. నీకెలా ఉంటుందో ఆలోచించలేదు." అందరూ భోజనాలు చేశారు. తలా ఒక గిన్నె తెచ్చారేమో, ఉపవాస ప్రార్థనకి అంత వంట ఎప్పుడూ మిగల్లేదు.

దేదీప్య సెలవు పెట్టి ఉండిపోయింది. ముఖం మీది ఊదారంగు ఆకుపచ్చగా, తర్వాత పసుపుగా మారి మెడ మీదికి దిగిపోయింది. అద్దంలో ఒక మర్యాదస్తురాలు తేలింది. ఎక్కడో చూసినట్టే ఉంది, పేరు గుర్తు రావడం లేదు. ఇన్నాళ్ళూ లైటు వేయడానికి భయపడిన బాత్‌రూమ్‌లో జ్ఞానప్రసూన ఇప్పుడు రెండు లైట్లూ వేసి, గడ్డం ఎత్తి, దించి, పక్కకి తిప్పి వెతికింది. ఏ కోణంలోనూ అక్క లేదు. అక్క రెండోసారి పోయినట్టనిపించింది. ఈసారి తనే సంతకం పెట్టి పంపించింది.

చివరి కుట్లు తీయించుకోవడానికి పిన్నితో పాటు దేదీప్య కూడా వెళ్ళింది. సర్జన్ అన్ని వైపుల నుంచీ చూసుకుని మురిసిపోయాడు. దేదీప్య ఉండబట్టలేక అడిగింది, ఇది మళ్ళీ ఎప్పటికైనా ముందులా అవుతుందా అని.

"భయపడకండి. పదేళ్ళ దాకా ఢోకా లేదు," అన్నాడు సర్జన్.

"పదేళ్ళా!" అన్నారు ఇద్దరూ ఒకేసారి.

చాలలేదేమో అనుకున్నాడాయన. "జాగ్రత్తగా ఉంటే పన్నెండు కూడా రావచ్చు."

"జాగ్రత్తగా లేకపోతే?" అంది జ్ఞానప్రసూన.

సర్జన్ ముఖం గంభీరంగా పెట్టాడు. ఈ అరిజోనా ఎండలో టోపీ లేకుండా, సన్‌స్క్రీన్ రాసుకోకుండా తిరిగితే తను చేయగలిగింది ఏమీ లేదనీ, ఐదారేళ్ళకే అంతా జారి మళ్ళీ మొదటికి వస్తుందనీ హెచ్చరించాడు.

మర్నాటి నుంచి జ్ఞానప్రసూన మిట్టమధ్యాహ్నం పెరట్లో కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టింది.