మూడో అంతస్తు ఏడుపూ, అరవై ఒక్కమంది సానుభూతీ

అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుని తిట్టేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పొద్దున్నే గుడ్ మార్నింగ్ పువ్వులట, లిఫ్టు ఆగిందన్న గోలట, ఎవరి కారు పక్కనో ఎవరో స్కూటరు పెట్టారన్న పంచాయితీ అట! అయ్యా, అమ్మా, మనిషి కనిపెట్టిన వాటిలో చక్రం తర్వాత చెప్పుకోదగ్గది ఇదొక్కటే. అగ్గిపెట్టె కూడా దీని వెనకాలే నిలబడాలి.

ఎందుకంటారా? పూర్వం ఎవరికైనా సాయం చేయాలంటే కుర్చీలోంచి లేవాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ బెడద లేదు.

ఇది గాలి కబురు కాదు. మా అపార్ట్‌మెంట్ సంక్షేమ సంఘం గ్రూపుకి ఆరేళ్లుగా అడ్మిన్ని నేనే. మా గ్రూపులో అరవై ఒక్కమంది ఉన్నారు. అద్దెకున్నవాళ్లని చేర్చుకోం. సొంత ఫ్లాటు ఉన్నవాళ్లకే తోటి మనిషి మీద బాధ్యత ఉంటుందని మా సంఘం నమ్మకం.

నాలుగు నెలల కిందట ఒక మంగళవారం సాయంత్రం హాల్లో కూర్చుని టీ తాగుతున్నాను. పక్క ఫ్లాటులోంచి పాప ఏడుపు వినిపించింది. అక్కడ కొత్తగా ఒక తల్లీ, ఏడేళ్ల కూతురూ అద్దెకు దిగారు. మా తలుపు సందులోంచి తొంగి చూశాను. వాళ్ల తలుపుకి బయట తాళం, లోపల ఏడుపు!

పాతకాలం మనిషైతే ఏం చేసేవాడు? చొక్కా తగిలించుకుని వెళ్లి, ఆ తలుపు ముందు నిలబడి, "ఏం తల్లీ, ఏమైంది?" అని అడిగేవాడు. ఎంత మొరటుతనం! ఒకళ్ల ఇంటి విషయంలో అలా తలదూర్చవచ్చా? పైగా టీ చల్లారిపోదూ?

నేను నాగరికుణ్ణి. ఫోన్ తీసి గ్రూపులో రాశాను: "మూడో అంతస్తులో ఒకానొక ఫ్లాటులో ఒక పాప ఏడుస్తున్నట్టుంది. సభ్యులు గమనించగలరు." ఫ్లాటు నంబరు వేయలేదు. ఎవరి పరువు వాళ్లది కదా!

పది నిమిషాల్లో పద్నాలుగు ఏడుపు బొమ్మలు వచ్చాయి. తొమ్మిది జతల చేతులు నమస్కారం పెట్టాయి. ఒక పసిపిల్ల కన్నీటికి ఇంతమంది కన్నీళ్లు పెట్టుకున్న కాలం ఇంతకు ముందు ఎప్పుడైనా ఉందా చెప్పండి! నాకు గుండె కరిగి, టీ ఇంకాస్త వేడి చేసుకున్నాను.

మర్నాడూ అదే వేళకి అదే ఏడుపు. ఈసారి మా గ్రూపు ఒళ్లు విరుచుకుని లేచింది. మొదటి అంతస్తు డాక్టరుగారు, చిన్నపిల్లలు ఏడిస్తే ఊపిరితిత్తులకి మంచిదని రాశారు. ఆయన పళ్ల డాక్టరు. అయినా డాక్టరే కదా! రెండో అంతస్తు పిన్నిగారు, తను విన్నది పాప ఏడుపు కాదు, పిల్లి అని పట్టుబట్టారు. రిటైరైన లెక్కల మాస్టారు, వాదనలెందుకు, ఓటింగు పెడదామన్నారు. పెట్టాం. వినిపిస్తోంది, కొంచెం వినిపిస్తోంది, టీవీ వల్ల తెలియడం లేదు, ఇతరం. ఇరవై తొమ్మిది ఓట్లతో "వినిపిస్తోంది" ఘనవిజయం సాధించింది.

ఆ విధంగా పాప ఏడుస్తోందన్న విషయం ప్రజాస్వామికంగా తేలింది.

తరువాతి ప్రశ్న, ఏడుపు ఏ కమిటీ కిందికి వస్తుందని. చప్పుడు కాబట్టి మెయింటెనెన్సు అని కొందరు, తాళం ఉంది కాబట్టి సెక్యూరిటీ అని కొందరు. దీని మీద పదకొండు రోజులు చర్చ నడిచింది. ఎవరూ ఒక్క మాట తూలలేదు. అంత సంస్కారవంతమైన చర్చ నేను చట్టసభల్లో కూడా చూడలేదు.

మా ఆవిడ మాత్రం నస మొదలుపెట్టింది. ఆ ఫోన్ పక్కన పెట్టి ఒక్కసారి వెళ్లి చూసి రాకూడదా అంటుంది. తాళం వేసిన తలుపు తట్టి ఏం లాభమని నేను. కనీసం వాళ్లమ్మ వచ్చాక అడగొచ్చుగా అని తను. ఆవిడేమనుకుంటుందో, నువ్వే అడుగు, ఆడవాళ్లూ ఆడవాళ్లూ అయితే బాగుంటుందని నేను. నాకు మాత్రం మొహమాటం ఉండదా అని తను. ఇలా హాల్లో కూర్చుని రోజూ సాయంత్రం ఆ పాప గురించే వాదించుకునేవాళ్లం. ఇంత శ్రద్ధ కన్నవాళ్లకైనా ఉంటుందా?

ఇంతలో మహత్తరమైన ఘట్టం వచ్చింది.

మా వీధి చివర టైలరు కొట్టు మీద ఒక గది ఉంది. అందులో ఒక చిన్న సంస్థ ఉంది. పిల్లలు దెబ్బలు తినకుండా, పట్టించుకునే దిక్కు లేకుండా పోకుండా చూడటం వాళ్ల పని. సంస్థ అంటే పెద్ద హంగామా ఊహించుకోకండి. రిటైరైన నర్సమ్మ ఒకావిడ, మూడు కుర్చీలు, ఒక చాప, ఒక అలమర నిండా ఆటబొమ్మలు, ఒక ఫోను. మెట్ల దగ్గర ఒక పోస్టరు. "పిల్లల గురించి దిగులుగా ఉందా? ఇంట్లో పిల్లలతో మీకే కష్టంగా ఉందా? ఫోన్ చేయండి. నిందించం. వచ్చి మాట్లాడతాం." కింద నంబరు.

పిన్నిగారు జాకెట్ కుట్టించుకోవడానికి వెళ్లి, ఆ పోస్టరుని ఫొటో తీసి గ్రూపులో పెట్టారు. అడ్మిన్‌గా నేను ఊరుకుంటానా? చుట్టూ గులాబీల అంచు వేసి, అడుగున మా సంఘం పేరూ, చిరునామా, నా పేరూ, "ప్రజాప్రయోజనార్థం సమర్పించినవారు" అని చేర్చి, అందరికీ పంపమని పురమాయించాను. సభ్యులు విజృంభించారు. చుట్టాలకి పంపారు, ఆఫీసు గ్రూపులకి పంపారు, గ్యాసు డెలివరీ నంబరుకి పంపారు.

నేను మరో అడుగు ముందుకు వేశాను. ఈ విషయం ఆ సంస్థవాళ్లకి తెలియాలి కదా? అందుకని ఆ పోస్టరుని ఆ పోస్టరు మీదున్న నంబరుకే పంపాను. "అత్యవసరం! అవసరమైన వారికి చేరేవరకు షేర్ చేయండి" అని కూడా రాశాను. అంత తెలివి నా ఒక్కడికే వచ్చిందనుకున్నాను.

కాదట. మా సభ్యుల్లో ముప్ఫై ఏడుమందికి వచ్చింది.

ఒక శనివారం మధ్యాహ్నం నర్సమ్మ మా ఇంటి బెల్లు కొట్టింది. పొట్టిగా, నెరిసిన జుట్టుతో, మూడంతస్తులు ఎక్కిన ఆయాసంతో ఉంది. లిఫ్టు ఆగిపోయిందని గ్రూపులో ఉంది గానీ ఆవిడ గ్రూపులో లేదు కదా! కూర్చోమన్నాను. కూర్చుని ఫోన్ తీసి చూపించింది. గులాబీల అంచుతో ముప్ఫై ఏడు పోస్టర్లు, అన్నింటి కిందా నా పేరు. నాకు కాస్త గర్వంగానే అనిపించింది.

"ఫోన్ చేయమని వేశామండీ," అంది నర్సమ్మ. "మీరంతా మా పోస్టరు మాకే పంపారు."

విషయం మీ దృష్టికి తేవాలని, అన్నాను.

"ఏ విషయం?"

పోస్టరు అడుగున మా సంఘం పేరు చూపించాను. ఆవిడ కోప్పడలేదు. జ్వరం వచ్చినవాడి నాలుక చూసినట్టు నా మొహంలోకి చూసింది.

"ఒకే బిల్డింగు నుంచి ఇంతమంది పంపుతున్నారంటే, ఈ బిల్డింగులో ఎవరో పిల్ల ఉండే ఉంటుందనుకున్నాను. ఏ ఇల్లు?"

పక్క తలుపు వైపు వేలు చూపించాను.

చూశారా గ్రూపు మహిమ! ఎవరూ ఒక్క ఫోన్ కాల్ చేయకుండా, ఎవరి పేరూ చెప్పకుండా, మా అజ్ఞానమే చిరునామాతో సహా ఆవిణ్ణి గుమ్మం దాకా తెచ్చింది.

ఆ రోజు తల్లికి సెలవు, ఇంట్లోనే ఉంది. నర్సమ్మ లోపలికి వెళ్లగానే మా సభ్యులు మెట్ల మీద పోగయ్యారు. పోలీసులు వస్తారా, అరుపులు ఉంటాయా, పాపని జీపులో తీసుకుపోతారా అని గుసగుసలు. పళ్ల డాక్టరుగారైతే వీడియో తీయడానికి వీలుగా పై మెట్టు చూసుకున్నారు. గంటసేపు ఏమీ వినిపించలేదు. మా జనానికి తీవ్రమైన ఆశాభంగం.

నర్సమ్మ మా ఇంటికి తిరిగి వచ్చి, ఆ తల్లిని అడిగే చెబుతున్నానని చెప్పి మొదలుపెట్టింది. ఆమె ఆసుపత్రి లాండ్రీలో పని చేస్తుంది. డ్యూటీ సాయంత్రం ఏడింటి వరకు. మధ్యాహ్నం భోజనానికి ఇచ్చే విరామాన్ని తినకుండా దాచుకుని, మూడున్నరకి పరుగున బడికి వెళ్లి, పాపని ఇంట్లో పెట్టి, రోడ్డు మీదికి పోతుందేమోనని తాళం వేసి, మళ్లీ పరుగున వెళ్లిపోతుంది. ఏడింటికి వచ్చేసరికి ఏడ్చి ఏడ్చి ఉన్న పిల్ల, ఒళ్లు హూనమై ఉన్న తల్లి. రెండుసార్లు పాప మీద చెయ్యి కూడా చేసుకుందట. ఆ మాట ఆమే చెప్పి ఏడ్చిందట.

"చెడ్డమనిషి కాదు, ఒంటరి మనిషి. అలాగని ఇలా వదిలేస్తే రెండుసార్లు ఇరవైసార్లు అవుతుంది. నాలుగు నుంచి ఏడు దాకా పాపని కూర్చోబెట్టుకునే ఇల్లు ఒకటి కావాలి. మా గది ఆవిడ దారికి ఎదురు దిక్కున, వీధి ఆ చివర ఉంది, అంతదూరం రానూపోనూ ఆ విరామం చాలదు. ఈ బిల్డింగులో ఒక్క ఇల్లు చాలు. రోజూ నేనూ వచ్చి చూసి వెళ్తుంటాను," అంది.

ఒక్క ఇల్లా? మాకు అరవై ఒక్క ఇళ్లున్నాయి! సగర్వంగా గ్రూపులో పెట్టాను.

నిమిషంలో టిక్కులన్నీ నీలంగా మారాయి. ముప్ఫై ఎనిమిది బొటనవేళ్లు లేచాయి. "గ్రేట్ ఇనీషియేటివ్!" అన్నారు. "ఇలాంటివాళ్ల వల్లే వానలు పడుతున్నాయి" అన్నారు. పిన్నిగారికి మహా ఇష్టమే గానీ వాళ్ల సోఫా తెల్లరంగుది. డాక్టరుగారికి నాలుగు నుంచి ఏడు వరకే అసలు పని. లెక్కల మాస్టారు రాత్రికి రాత్రి రంగురంగుల టైంటేబుల్ తయారుచేశారు, వారానికి ఐదుగురి చొప్పున. అందులో ఆయన పేరు తప్ప అందరి పేర్లూ ఉన్నాయి.

నేనా? నేను అడ్మిన్ని. అందరినీ సమన్వయం చేయాలి. నాకు తీరికెక్కడిది?

సోమవారం మూడు ముప్పావుకి మా ఆవిడ లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి వెళ్లింది. పక్కింటి తల్లి తాళం చేత్తో పట్టుకుని నిలబడి ఉంది.

"పాపని మా ఇంట్లో వదిలి వెళ్లమ్మా. ఇన్నాళ్లూ అడగనందుకు ఏమీ అనుకోకు," అంది మా ఆవిడ.

ఆ తల్లి పాపని ముందుకు నడిపించింది. తరువాత తాళం సంచిలో వేసుకుంది.

ఈ సంగతి గ్రూపులో రాలేదు కనుక నాకు ఆలస్యంగా తెలిసింది. బెడ్‌రూములోంచి వచ్చేసరికి నా కుర్చీలో ఒక పాప కూర్చుని బిస్కెట్ తింటోంది.

రెండు వారాలైంది. పక్కింట్లో ఏడుపు లేదు. నర్సమ్మ రోజూ ఐదింటికి వచ్చి, పాపతో ఆడి, తల్లికి ఒక చీటీ రాసి వెళ్తుంది. తల్లి మధ్యాహ్నం అన్నం తింటోందట. పాప ఏడుపు మాన్పి తాళం వేసే పని తప్పింది కనుక, వదిలి వెళ్లే దారిలో రెండు ముద్దలకి వీలు చిక్కుతోందని మా ఆవిడతో చెప్పి నవ్విందట. ఆమె నవ్వడం నేనూ ఒకసారి చూశాను. పాతికేళ్లు నిండినట్టు లేదు.

కాబట్టి పాఠక మహాశయులారా, గ్రూపు ఏ పనీ చేయలేదని మాత్రం అనకండి. నేను అడిగిన పని అది తు.చ. తప్పకుండా చేసింది. మూడున్నర నెలలు రోజూ సాయంత్రం నన్ను కూర్చున్నచోటే మంచివాణ్ణి చేసి పెట్టింది. అంతకన్నా నేను దాన్ని ఏమీ అడగలేదు.

నిన్న పాప హోంవర్కు చేసుకుంటోంది. చనువు పెరిగింది కదా అని సరదాకి కదిలించాను. ఏమే, ఇంత బుద్ధిమంతురాలివి, అప్పుడు రోజూ అంత గట్టిగా ఏడ్చేదానివేం, బిల్డింగంతా అదిరిపోయేట్టు?

పాప పెన్సిలు చెక్కుకుంటూ, తల ఎత్తకుండా, మామూలుగా చెప్పింది.

"మీరూ అమ్మమ్మా మాట్లాడుకునేవి నాకు వినిపించేవి తాతయ్యా. నా గురించేగా మాట్లాడుకునేవాళ్లు. వస్తున్నారేమో అనుకుని ఇంకొంచెం గట్టిగా ఏడ్చేదాన్ని."