ముప్పై రెండో పన్ను

సృష్టికర్త మనిషి నోట్లో ముప్పై రెండు పళ్లు పెట్టి, తన పని అయిపోయిందనుకుని ఊరుకున్నాడు. ఆ పని సగంలోనే ఆగిందని గమనించిన డెంటల్ కాలేజీ దంతనిర్మాణ శాఖ, మొదటి సంవత్సరం విద్యార్థులందరూ సదరు ముప్పై రెండింటినీ పీకిన స్థితిలో సేకరించి, దూది పరిచిన పెట్టెలో వరసగా అమర్చి, శుక్రవారం సాయంత్రం నాలుగు లోపు సమర్పించాలని ఉత్తర్వు జారీ చేసింది. పెట్టె నిండనివారు ప్రాక్టికల్ పరీక్షకు అనర్హులు. (మైనంతో చేసినవి, మేకవి చెల్లవు. మేకవి అని ప్రత్యేకంగా రాయాల్సి వచ్చిందంటే దాని వెనక ఏదో చరిత్ర ఉండే ఉంటుంది.)

మన డాక్టరమ్మ పెట్టెలో ముప్పై ఒకటే ఉన్నాయి. డాక్టరమ్మ అంటే నిజంగా డాక్టరనుకునేరు! సీటొచ్చిన రోజు నుంచి ఇంట్లోవాళ్లు అలా పిలుస్తున్నారు, అంతే. చేరి ఏడు నెలలైంది, ఇంతవరకు ఒక్క మనిషి నోట్లోకి తొంగి చూసింది లేదు. చూడకూడదు కూడా, అది మూడో సంవత్సరం సంగతి. అయినా బాబాయి మాత్రం భోజనాల దగ్గర నోట్లో ముద్ద ఉండగానే నోరు తెరుస్తాడు.

"ఈ పక్కది కాస్త కదులుతున్నట్టుంది, చూడమ్మా."

"కింద కుడివైపా? కోరపన్ను వెనక రెండోదా?" అని డాక్టరమ్మ కంచం వదిలేసి లేచింది. "పీకించుకో బాబాయ్! పీకించుకుని నాకిచ్చెయ్!"

బాబాయి టక్కున నోరు మూసేశాడు. ఆ తర్వాత వారం రోజులు ఆ పిల్ల ఉన్న గదిలో నవ్వలేదు.

ఊళ్లో ఉన్న పళ్ల ఆసుపత్రులన్నీ కాళ్లరిగేలా తిరిగింది. క్లాసులో మారకానికి ప్రయత్నించింది. (ఆ వారం రేటు: రెండు జ్ఞానదంతాలకి ఒక కోరపన్ను. కోరపన్ను వెనక రెండోదానికి ఏమిచ్చినా దొరకడం లేదు.) పోనీ అదే భవనం కింది అంతస్తులో, కాలేజీ ఆసుపత్రిలోనే, రోజుకి నలభై పళ్లు పీకుతారు కదా అంటే, అవి పీకిన మరుక్షణం వ్యర్థాల రిజిస్టర్‌లోకి ఎక్కుతాయి. "ఎక్కిన పన్ను దేవుడొచ్చి అడిగినా ఇవ్వం," అన్నాడు దంతవ్యర్థ పర్యవేక్షకుడు. "ఎవరి పన్ను వాళ్లు అడిగితే మాత్రం ఫారం నింపి తీసుకెళ్లొచ్చు."

బుధవారం పొద్దున్నే డాక్టరమ్మ మంచం మీంచి ఎగిరి గంతేసింది.

"అమ్మా! నాకు పన్ను నొప్పే!"

"అయ్యో," అంది అమ్మ.

"అయ్యో ఏంటమ్మా! కుడివైపే! కిందే!"

అమ్మ ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

కాలేజీ ఆసుపత్రిలో ఒక హౌస్‌సర్జన్ ఉన్నాడు. ఆయన లాగ్‌బుక్‌లో యాభై పళ్లు పీకినట్టు సంతకాలుండాలి. నలభై తొమ్మిది దగ్గర ఆగిపోయి పది రోజులైంది. ఎవరైనా ఆవలిస్తే చాలు, ఆశగా చూస్తున్నాడు.

"ఏ పన్నమ్మా?"

"కోరపన్ను వెనక రెండోదన్నా."

ఆయన అద్దం కాడతో ఆ పన్ను మీద కొట్టబోయాడు. కొట్టకముందే ఆమె కెవ్వుమంది.

"అంత నొప్పా?"

"చుక్కలు కనిపిస్తున్నాయన్నా."

"ఎక్స్‌రే తీయిస్తే మంచిది. కానీ అక్కడ లైను వచ్చేవారం దాకా ఉంది."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆమెకి ఒక పన్ను కావాలి, ఆయనకి ఒక పీకుడు కావాలి. ఇలాంటి శుభఘడియలో ఎక్స్‌రే మాటెత్తడం అమర్యాదని ఇద్దరికీ ఒకేసారి తోచింది.

పది నిమిషాల్లో పని అయిపోయింది. ఫారంలో 'పన్నుతో మీ సంబంధం' అన్నచోట ఆమె 'సొంతం' అని రాసింది. పర్యవేక్షకుడు అది చాలదని ఇద్దరు సాక్షుల చేత సంతకం పెట్టించాడు. బుగ్గలో దూది కుక్కుకుని, సీసాలో పన్ను పట్టుకుని, ఆ పిల్ల మెట్లు మూడేసి చొప్పున దూకుతూ ఎక్కింది. ఆ రోజంతా ఆ ఆనందం పట్టలేకపోయింది. పన్ను పోయాక కూడా వదలని సలుపు, గాయానిదే కాబోలనుకుంది.

శుక్రవారం దంతనిర్మాణం చెప్పే మేడమ్ పెట్టె తెరిచి, ముప్పై రెండోదాన్ని చిమ్టాతో తీసి కిటికీ వెలుగులో తిప్పి చూశారు.

"ఇరవై రెండేళ్లలో ఇంత చక్కటి పన్ను నా చేతికి రాలేదు," అన్నారు. "పుచ్చు లేదు, గీత లేదు, వేరు ఎక్కడా వంకర లేదు. ఎవరిదమ్మా ఇది?"

"నాదే మేడమ్."

"మరెందుకు పీకారు?"

డాక్టరమ్మ ఏదో అనబోయింది. అప్పుడే ఆ ఖాళీకి ఆనుకుని ఉన్న పెద్ద పన్ను జివ్వుమంది. మేడమ్ నూటికి నూరూ వేసి సంతకం పెట్టేశారు. పెట్టెలో ముప్పై రెండు, జ్ఞానదంతాలు నాలుగూ ఇంకా మొలవని నోట్లో ఇరవై ఏడు.

ఆ పిల్ల దవడ పట్టుకుని మళ్లీ కిందికి పరిగెత్తింది. హౌస్‌సర్జన్ ఈసారి లైటు వేసి చూశాడు.

"అసలు నొప్పి ఈ వెనకదానిదమ్మా. పుచ్చింది. పీకక్కర్లేదు, పూడిస్తే సరిపోతుంది."

"పూడ్చండన్నా, మీకు పుణ్యముంటుంది!"

ఆయన లాగ్‌బుక్ తెరిచి, వేలు పెట్టి వరస కిందికి జరుపుతూ పోయాడు.

"పూడ్చడాలు నాకు నిండిపోయాయే," అన్నాడు బాధగా. అంతలోనే ఆయన మొహం వెలిగింది. "కట్టుడు పళ్లలో మాత్రం ఒకటి తక్కువుంది. నీకెలాగూ ఖాళీ ఉందిగా, కూర్చో."