ఫోయ్‌థోంగ్ భోజన వేళలు

ఆ సోమవారం పొద్దున్న థవత్ చేయదలచుకున్న పని చాలా చిన్నది. హాల్లో గోడవారగా పగలూ రాత్రీ నిండుగా ఉండే కుక్క గిన్నెను తీసి, కడిగి, అలమారలో పెట్టడం. అంతే. బీమా కంపెనీలో కూర్చుని ఊళ్లోవాళ్లకు రాబోయే ప్రమాదాలను లెక్కగట్టడమే అతని ఉద్యోగం. అయినా ఆ గిన్నె కదిలిస్తే ఇల్లు కదులుతుందని అతనికి తట్టలేదు. పైగా అతను ఇల్లరికపు అల్లుడు. తలాత్ ఫ్లూ పేటలోని ఆ రెండంతస్తుల ఇల్లూ, ఆ గిన్నే, ఆ కుక్కా కూడా అత్తగారు సియూలాన్‌వి.

కుక్క పేరు ఫోయ్‌థోంగ్. గుడ్డుసొనతో పోసే బంగారు తీగల మిఠాయి పేరది. పొమరేనియన్ జాతి, ఒళ్లంతా పసుపుపచ్చ జూలు. మూడు కిలోలు ఉండవలసినది మూడున్నరకు వచ్చింది. దాని మోకాలి చిప్పలు జారుతున్నాయనీ, బరువు తగ్గకపోతే ఆపరేషన్ తప్పదనీ డాక్టర్ పిమ్ శనివారమే చెప్పింది. గిన్నె ఎప్పుడూ నిండుగా ఉంచొద్దు, రోజుకు రెండు పూటలు వేళకు పెట్టండి, పావుగంటలో తినకపోతే తీసేయండి అంది.

"ఆకలికి గడియారం చూడ్డం వచ్చా, అల్లుడుగారూ?" అంది సియూలాన్, గిన్నె కోసం చెయ్యి చాపుతూ.

"డాక్టరు చెప్పింది అత్తయ్యా, నా సొంత కవిత్వం కాదు."

"చిన్న కుక్క, చిన్న పొట్ట. ఇంతింత చొప్పున పదిసార్లు కొరుక్కుంటుంది. ఒక్కసారే తినెయ్యమంటే కళ్లు తిరిగి పడిపోదూ?"

"అది కుక్కపిల్లల సంగతి. దీనికి ఆరేళ్లు."

"నాకు డెబ్బై రెండు. నేనూ ఇంతింతే తింటాను. రేపు నా కంచం కూడా లాక్కుని అలమారలో పెడతారా?"

ఓరతై మిషను ముందు కూర్చుని స్కూలు యూనిఫారాలు కుడుతోంది. తల్లికీ భర్తకీ మాట పెరిగినప్పుడల్లా ఆమె నోట్లో నాలుగు గుండుసూదులు పెట్టుకుంటుంది. నోట్లో సూదులున్న మనిషిని ఎవరూ తీర్పు అడగరు. ఆ రోజు ఆరు పెట్టుకుంది.

"సరే, రెండు వారాలు," అంది సియూలాన్. "మీ గడియారం ప్రకారమే పెట్టండి. నేను ఒక్క గింజ వెయ్యను. బరువు తగ్గిందా, మీరు గెలిచినట్టు. తగ్గలేదా, నా కుక్కని చంకలో పెట్టుకుని రాచ్‌బురిలో మా చెల్లెలి ఇంటికి పోతాను. ఈ కొంప మీరే ఏలుకోండి!"

సియూలాన్ మాట అంటే అన్నదే, వెనక్కి తీసుకున్న దాఖలా ఆ సందులో ఎవరికీ తెలియదు. పైగా సంతకు వెళ్లి వచ్చేలోపు ఆ పందెం సంగతి సందంతా చెప్పేసింది కూడా. థవత్ బయటికి చెప్పడు కానీ, ఆఫీసు నుంచి వచ్చి బూట్లు విప్పుతుంటే ఆ పచ్చటి ఉండ దొర్లుకుంటూ వచ్చి సాక్సు లాక్కుపోవడమే అతని రోజులో మంచి భాగం. అత్తగారు లేని ఇంట్లో పోట్లాడ్డానికి మాత్రం ఎవరుంటారు?

వేళల భోజనం మొదలైంది. పొద్దున్న ఏడింటికి డాగ్‌ఫుడ్ గింజలు పోసి గిన్నె పెట్టాడు. ఫోయ్‌థోంగ్ వాసన చూసి, అతని మొహం చూసి, వెళ్లి పడుకుంది. పావుగంటకు గిన్నె తీసేశాడు. సాయంత్రం ఆరింటికీ అదే వరస. రెండో రోజు నాలుగు గింజలు తిన్నది. మూడో రోజు అవీ లేవు. థవత్ భయపడి గిన్నె పక్కనే బోర్లా పడుకుని, తనే ఒక గింజ నోట్లో వేసుకుని నమిలి చూపించాడు. ఫోయ్‌థోంగ్ జాలిగా చూసింది.

నాలుగో రోజు తెల్లవారుజామున మంచినీళ్లకు లేచిన థవత్‌కు హాల్లో అగరుబత్తి పొగ కనిపించింది. ఆ ఇంట్లో గుమ్మానికి ఎదురుగా, నేలకు ఆనించి, ఎర్రటి చెక్క గూడొకటి ఉంది. అందులో ఉండేది ఆ నేలకు అసలు యజమాని, నేలదొర. ఆయన గూడు నేల మీదే ఉండాలి, ఎత్తున పెట్టకూడదు. ఆయనకు పళ్లెం పెట్టి అగరుబత్తి వెలిగించాక, అది ఆరిపోయేదాకా ఆయన భోంచేస్తున్నట్టు లెక్క. భోంచేసే పెద్దమనిషిని గుడ్లప్పగించి చూడ్డం మర్యాద కాదని, అందరూ అవతలి గదిలోకి వెళ్లిపోవాలని సియూలాన్ తల్లి పెట్టిన నియమం. దాన్ని ఇంతవరకూ ఎవరూ తప్పలేదు. మామూలుగా నెలకు రెండుసార్లు జరిగే ముచ్చట అది.

ఇప్పుడు పండగా కాదు, పబ్బమూ కాదు. గూటి ముందు ఉడికించిన కోడి రొమ్ము ముక్కలు, సన్నగా చీల్చి మరీ పెట్టి ఉన్నాయి. అత్తగారు చేతులు జోడించి ఏదో గొణిగి, వంటగదిలోకి వెళ్లిపోయింది.

'నా మీద ఫిర్యాదు చేస్తోందన్నమాట!' అనుకున్నాడు థవత్.

దేవుళ్ల విషయంలో అతను పట్నం మనిషి. అగరుబత్తి పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదని నలుగురికీ చెప్పే రకం. కానీ అవతలి పక్షం వకీలును పెట్టుకున్నాక మనం చేతులు ముడుచుకుని కూర్చోలేం కదా! ఆ సాయంత్రం అత్తగారు టీవీ సీరియల్లో మునిగి ఉండగా, సందు చివర కొన్న కాల్చిన కోడి తొడను విప్పి, ఎముక తీసి, పళ్లెంలో సర్ది, గూటి ముందు పెట్టాడు.

"దొరా, నాకు ఇవన్నీ పెద్దగా తెలియవు. ఫోయ్‌థోంగ్ బరువు తగ్గించు. అది ఇల్లు దాటి పోకుండా చూడు. అంతే," అని, మర్యాదగా మేడమీదికి వెళ్లిపోయాడు.

అరగంట తర్వాత వచ్చి చూస్తే అగరుబత్తి ఆరిపోయింది. పళ్లెం తళతళలాడుతోంది. కోడి తొడ మొత్తం! దొర ఇంత త్వరగా, ఇంత ఇష్టంగా అందుకుంటాడని అతను అనుకోలేదు. మర్నాడు రెండు తొడలు కొన్నాడు.

ఫలితం మాత్రం తిరగబడుతోంది. వారం తిరిగేసరికి ఫోయ్‌థోంగ్ మెడపట్టీ ఒక బెజ్జం వదులు చేయవలసి వచ్చింది. వేళకు పెట్టిన గిన్నె ముట్టదు, కానీ గుండ్రంగా ఉబ్బుతోంది. థవత్ డాగ్‌ఫుడ్ డబ్బాకు తాళం వేసి, తాళంచెవి బెల్టుకు కట్టుకున్నాడు. ఉబ్బడం ఆగలేదు.

"అత్తయ్యా, నిజం చెప్పండి. దొంగచాటుగా పెడుతున్నారు కదూ?"

"ఆ నేలదొర సాక్షి! దాని నోట్లో నేను ఒక్క మెతుకు పెట్టలేదు!" అంది సియూలాన్. ఆమె చెప్పినది అక్షరాలా నిజం. "మీరే పడుకుని గింజలు తినిపిస్తున్నారు. నేను చూడలేదనుకున్నారా?"

"అది నేను తిన్నాను!"

"మరి మీరు లావవ్వాలి గదా, అదెందుకు అవుతోంది?"

థవత్ సూదులు నోట్లో పెట్టుకున్న ఓరతై వైపు తిరిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆ ఊపులోనూ అబద్ధం లేదు.

ఇంట్లో ఎవరూ కాకపోతే బయటివాళ్లే అయి ఉండాలి. థవత్ ఒక అట్టముక్క మీద "దయచేసి నాకు తిండి పెట్టకండి" అని రాసి ఫోయ్‌థోంగ్ మెడకు కట్టి సందులో తిప్పాడు. తలాత్ ఫ్లూలో ఎదురైనవాళ్లను ముందు అడిగేదే "తిన్నావా?" అని. అలాంటి చోట తిండి వద్దని బోర్డు కట్టుకున్న ప్రాణిని ఎవరూ ఎన్నడూ చూడలేదు. సందు గుండె తరుక్కుపోయింది. మధ్యాహ్నానికల్లా, సందు మొదట్లో పంది కాలు పులుసు అన్నం అమ్మే ముయ్ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఏమ్మా ఓరతై, మీ ఆయన ఉద్యోగం గానీ పోయిందా? సిగ్గుపడకు. కుక్కని పస్తు పెట్టేదాకా వచ్చిందంటే..."

"అయ్యో ముయ్ అక్కా, అదేం కాదు! మా ఇంట్లో తిండికి లోటేంటి? నేలదొరకే రోజూ..." అని ఓరతై నాలుక కరుచుకుంది. కానీ ముయ్ చేతిలో పడిన సగం మాట సగంగా ఉండదు. ఇంకో నిమిషంలో మొత్తం కక్కించేసింది. రోజూ మధ్యాహ్నం ఓరతై దొరకు రెండు ఉడికించిన గుడ్లు పెడుతోంది. అమ్మకూ ఆయనకూ తెలిస్తే నువ్వెవరి పక్షమని పీకల మీద కూర్చుంటారని చెప్పలేదు. ఏరోజు చూసినా పళ్లెం ఖాళీ, గుడ్డు పొడి కూడా మిగలడంలేదు.

"దొర నిజంగా తింటున్నాడా?" ముయ్ గొంతు తగ్గిపోయింది. ఆమె కళ్లలో లాటరీ టిక్కెట్లు కదిలాయి. "ఈ మాట ఇంకెవరితోనూ అనకు."

ఆ మాట ఆమే అందరితోనూ అంది. మర్నాటి నుంచి సందులో ఆడవాళ్లు ఒక్కొక్కరే "ఊరికే చూసిపోదామని" రావడం మొదలుపెట్టారు. ఊరికే చూసేవాళ్ల చేతుల్లో పంది కాలు, వేయించిన చేప, పీతల ముద్దలు ఉండేవి. లాటరీ నంబరు చెప్పమని దొర చెవిలో అడిగి, అగరుబత్తి గుచ్చి, మర్యాదగా అవతలికి వెళ్లేవారు. వచ్చి చూస్తే పళ్లెం ఖాళీ. దొర తిండిని చూసి సందు ముక్కున వేలేసుకుంది. ఈ భక్తులందర్నీ అత్తగారే తన పక్షాన కూడగట్టిందని థవత్, అల్లుడే పోగుచేశాడని సియూలాన్ నమ్మారు. ఇద్దరూ చెరో పళ్లెం పెంచారు.

రెండు వారాలూ నిండాయి. డాక్టర్ పిమ్ ఫోయ్‌థోంగ్‌ను కాటా మీద పెట్టి, కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ పెట్టింది.

"నాలుగు కిలోల రెండు వందలు. వేళకు పెడుతున్నామన్నారు?"

"రెండే పూటలు, డాక్టర్! అదీ తినలేదు!"

"తినకుండా ఏడు వందల గ్రాములు పెరిగే కుక్కని నేను చదువుకోలేదండీ. పెద్దాసుపత్రికి రాస్తాను."

తోడు వచ్చిన ముయ్ చప్పుడు చేయకుండా బయటికి జారుకుంది. నలభై రెండుతో ముగిసే లాటరీ టిక్కెట్లు సాయంత్రానికి తలాత్ ఫ్లూలో ఒక్కటీ మిగల్లేదు.

పందెం సియూలాన్ గెలిచింది. ఇంటికి వచ్చాక ఆమె సంచీలో ముందు కుక్క దుప్పటి పెట్టింది, తర్వాత తన కర్ర దువ్వెన పెట్టింది, ఆ తర్వాత హాల్లో మంచం మీద కూర్చుని భోరుమంది. గెలిచినవాళ్లు అలా ఏడవడం థవత్ ఎన్నడూ చూడలేదు. చెల్లెలి బండి నాలుగింటికి వస్తుంది. అతనికి దుఃఖమూ కోపమూ కలిసి వచ్చాయి. తిన్నగా వెళ్లి గూటి ముందు కూర్చున్నాడు. ఇందాకే ముయ్ వచ్చి పెట్టిపోయిన పంది కాలు ముందు అగరుబత్తి ఇంకా కాలుతోంది.

"ఏం దొరా? పది రోజులు కోడి తొడలు మేపాను. బరువు తగ్గించమన్నానా, పెంచమన్నానా?" అని నిలదీశాడు.

వెనక ఏడుపు ఆగింది. "మీరూ తగ్గించమనే మొక్కారా?" అంది సియూలాన్.

"మీరూ అంటే?"

"నేనూ అదే మొక్కాను బాబూ! కోపంలో ఓ మాట అన్నాను, సందంతా చాటుకున్నాను, ఇంక వెనక్కెలా తీసుకోను? ఓడిపోతే ఇక్కడే ఉండొచ్చు గదా అని రోజూ కోడి రొమ్ము పెట్టాను. మా చెల్లెలు తెల్లారకుండా లేచి మైకు పెట్టుకుని పాటలు పాడుతుంది. నేనక్కడ బతకలేను. నా ఇల్లు ఇది, నా మనుషులు మీరు."

ఓరతై నోట్లో సూదులన్నీ తీసి దిండుకు గుచ్చింది. "నేనూ అదే మొక్కానమ్మా. గుడ్లతో."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముగ్గురు మొక్కితే, సందంతా నైవేద్యం పెడితే, దొర ఎందుకు కనికరించలేదు? ఆ అయోమయంలో అవతలి గదిలోకి వెళ్లాలన్న నియమం మొదటిసారి ముగ్గురూ మరిచిపోయారు.

అగరుబత్తి చివరి నుసి రాలింది. మంచం కింద నుంచి ఫోయ్‌థోంగ్ లేచి, ఒళ్లు విరుచుకుని, మనుషుల మధ్య నుంచి నెమ్మదిగా నడిచి వెళ్లి గూటి ముందు కూర్చుంది. ఎర్రటి కొన పూర్తిగా ఆరిందా లేదా అని ఒకసారి తల వంచి చూసింది. తర్వాత పంది కాలు మీద నిదానంగా, అలవాటైన పనిలా, మూతి పెట్టింది.



"చూశారా అత్తయ్యా," అన్నాడు థవత్ ఎట్టకేలకు, "వేళ ప్రకారం తింటోంది."

"రోజుకి పదిసార్లు తింటోంది. నేను చెప్పినట్టే," అంది సియూలాన్, కళ్లు తుడుచుకుంటూ. "ఫోన్ ఇలా ఇవ్వండి. బండి పంపొద్దని చెప్పాలి. వేళకి పెట్టడమే జరగనప్పుడు పందెం ఎక్కడిది?"

మర్నాటి నుంచి నేలదొరకు కోడి లేదు, గుడ్డు లేదు, పంది కాలు అసలే లేదు; పుల్ల నారింజలు, చేదు టీ మాత్రమే. ఒళ్లు చేసింది కుక్కకి, పథ్యం పెట్టింది దేవుడికి.