క్యూలో నిలబడ్డ కౌన్సిలర్ గారు

"వచ్చే సోమవారం నుంచి మన వార్డు ప్రజలందరూ ఒకటో తరగతిలో నేర్చుకున్న నీతుల ప్రకారమే జీవిస్తారు!" అని కౌన్సిలర్ శంకరరావు గారు డిగ్నాబాద్ వార్డు సభలో ప్రకటించారు. అంతవరకూ ఎలా జీవించారని ఎవరూ అడగలేదు. అంత క్రమశిక్షణ గల వార్డు అది.

నీతులు మూడే. వరుసలో నిలబడాలి, పెద్దల్ని గౌరవించాలి, అబద్ధమాడకూడదు. అంతకు మించితే ఫ్లెక్సీలో సారు ఫొటో చిన్నదైపోతుందని ప్రింటరు చెప్పాడట.

మొదటి నీతి ఆచరణకు కౌన్సిలర్ గారు దీవుల ఉత్తరపు కొసనున్న డిగ్లీపూర్‌కు వెళ్ళే ఓడ టికెట్ల కౌంటరును ఎంచుకున్నారు. సరిగ్గా సారు వెళ్ళిన ఉదయమే పెద్దాయన యిర్మియా గారు కూడా అక్కడే నిలబడి ఉన్నారు. ఆదివారం డిగ్లీపూర్‌లో ఆయన మనవరాలి బాప్తిస్మం. "నువ్వు ఎత్తుకుంటేనే నాన్నా, లేకపోతే వాయిదా వేయించేస్తాను" అని కూతురు సిల్వియా ఫోన్లో బెదిరించింది. కాలం చేసిన భార్య ఏనాడో కుట్టి దాచిన తెల్ల గౌను ఆయన సంచిలో ఉంది. బస్సు కుదుపులు నడుముకు పనికిరావని డాక్టరు చెప్పాడు కాబట్టి, వెళితే ఓడలోనే వెళ్ళాలి.

జీపు దిగిన కౌన్సిలర్ గారు నేరుగా వెళ్ళి క్యూ చివర నిలబడ్డారు. చూసినవాళ్ళ కళ్ళు చెమర్చాయి. ఫొటోలు తీసే బన్నీకి మాత్రం తృప్తి కలగలేదు.

"సార్, నలుగురే ఉన్నారు. దీన్ని క్యూ అంటే ఎవడు నమ్ముతాడు? ఆటో కోసం చూస్తున్నారనుకుంటారు."

వెంటనే పార్టీ ఆఫీసు నుంచి గుంపులుగా కార్యకర్తలు వచ్చారు. సారు వెనక నిలబడితే ఫొటోలో సారు ముందున్నట్టు పడుతుంది కాబట్టి అందరూ సారు ముందే నిలబడ్డారు. యిర్మియా గారి ముందు కూడా.

"బాబూ, నేను ముందొచ్చాను..." అన్నారు యిర్మియా గారు.

"అరెరే! పెద్దాయన్ని నిలబెట్టారా?" అని కౌన్సిలర్ గారు చలించిపోయారు. "బన్నీ, రెండో నీతి! కుర్సీ లావ్!"

కుర్చీ వచ్చింది. నీడలో వేశారు. శాలువా కప్పారు, కొబ్బరిబోండం ఇచ్చారు. నిజం చెప్పాలంటే యిర్మియా గారి మోకాళ్ళకు ప్రాణం లేచివచ్చింది. క్యూ మాత్రం ఆయన లేకుండానే కదిలింది.

కౌంటరు దగ్గరకు చేరిన ప్రతి కార్యకర్తా టికెట్ కొన్నాడు. కొనకుండా నిలబడడం అబద్ధంతో సమానమని సారు ముందే హెచ్చరించారు మరి.

"ఖతమ్. సీట్లయిపోయాయి" అంది కౌంటర్లో టికెట్లిచ్చే చాందిని.

కౌన్సిలర్ గారు కెమెరా వైపు తిరిగారు. "సామాన్యుడికి దొరకని టికెట్ నాకూ వద్దు! డిగ్లీపూర్‌లో రేపటి నా సభ రద్దు!"

చప్పట్లు మోగాయి.

"మరి నేనెలా వెళ్ళాలి సార్?" అని అడిగారు యిర్మియా గారు.

"మీకూ నాకూ ఒకటే న్యాయం అంకుల్."

లక్ష్ముడనే నడివయసు కార్యకర్త ముందుకొచ్చాడు. "నా టికెట్ ఈయనకిచ్చేత్తాను సార్. డిగ్లీపూర్‌లో నాకేం కామ్ ఉంది?"

"టికెట్ మీద పేరెవరిది?"

"నాదే సార్."

"అంటే ఈ వయసులో ఆయన చేత అబద్ధమాడిస్తావా? ఒకటో తరగతిలో నీకేం నేర్పారు?"

"నాను ఒకటో తరగతి పాసవలేదు సార్."

అందుకే పార్టీలో ఎదగలేదన్నట్టు చూసి కౌన్సిలర్ గారు జీపెక్కారు. జీపు మలుపు తిరగగానే లక్ష్ముడు టికెట్‌ను యిర్మియా గారి సంచిలో కుక్కాడు.

"ఓడకాడ పేరొక్కటే అడుగుతారు మామయ్యా. నా పేరు బోల్ దేనా, బస్."

యిర్మియా గారు ఏళ్ళ తరబడి సండే స్కూల్లో పిల్లలకు పది ఆజ్ఞలు నేర్పిన మనిషి. అబద్ధమాడిన పిల్లల్ని బెంచీ ఎక్కించిన మనిషి. సాయంత్రం ఓడ మెట్ల దగ్గర గుమాస్తా "నామ్?" అనగానే ఆయన చేతిలోని టికెట్‌ను తిరగేసి చూడసాగారు.

"నామ్ బోలో అంకుల్, పీఛే లోగ్ ఖడే హై" అంటూ గుమాస్తా వెనక నిలబడ్డవాళ్ళను చూపించాడు.

సంచిని గుండెకు హత్తుకున్నారు. "ల... లక్ష్ముడు."

"జాయియే" అని గుమాస్తా దారి వదిలాడు.

లోపల సీట్లు చాలావరకు ఖాళీగా ఉన్నాయి. కొన్నవాళ్ళకు ఎవరికీ డిగ్లీపూర్‌లో కామ్ లేదు. ఓడ ఊగుతుంటే యిర్మియా గారు తన సీటు వెతుక్కుంటూ వెళ్ళి, దారిలో కేబిన్ తలుపు పట్టుకున్నారు. అది తెరుచుకుంది. లోపల బనియన్‌తో, కాళ్ళు చాపుకుని కౌన్సిలర్ గారు సమోసా తింటున్నారు.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. యిర్మియా గారు సంచిని వెనక్కి దాచుకున్నారు. దించేస్తారు. గౌను బాప్తిస్మపు నీళ్ళకు తడవనైనా తడవకుండా ఇంటికి తిరిగొస్తుంది.

కౌన్సిలర్ గారు సమోసా మింగి, నడవాలోకి ఓసారి తొంగిచూసి, చిరునవ్వు నవ్వారు.

"ఏం లక్ష్ముడూ, బాగున్నావా? రా, కూర్చో."

యిర్మియా గారు కూర్చున్నారు. "బాగున్నాను సార్. మరి మీరు?"

"నేనిక్కడ లేను" అన్నారు కౌన్సిలర్ గారు, సమోసాల ప్లేటు ఆయన వైపు జరుపుతూ.