సమస్యలతో బోధన

కళాశాలలో అందరూ చాటుగా పద్ధతులమ్మ అని పిలిచే అధ్యాపకురాలు ఆ ఉదయం పెట్టుకున్న పని చిన్నదే. పిల్లలకు ముందు ఒక సమస్య ఇచ్చి, దాన్ని విప్పుకునే దారిలో పాఠం నేర్పడం మీద జరిగిన పరిశోధనలన్నిటినీ సమీక్షించాలి. అచ్చుకానివీ వదలకూడదు గనక తోటి అధ్యాపకులందరికీ ఫోన్లో ఓ సందేశం పెట్టింది: "సమస్యలతో బోధనపై మీ అనుభవాలు పంపండి. ప్రతిదీ పరిశీలిస్తాను."

కాఫీ చల్లారేలోగా జవాబులు వచ్చి పడ్డాయి. భౌతికశాస్త్రం ఆయన తన తరగతిలో ఫ్యాను తిరగడం లేదన్నాడు. లైబ్రేరియన్ పైకప్పు కారి పుస్తకాలు నానిపోతున్నాయని ఫొటోలతో సహా మొరపెట్టుకుంది. పై అంతస్తు వాళ్ళంతా కుళాయిలో నీళ్ళు రావని రాశారు.

పద్ధతులమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. చదువు చెప్పేవాళ్ళకే రెండు వాక్యాలు అర్థం కాకపోతే పిల్లలనేం అనగలం? తనను ఆటపట్టిస్తున్నారనే అనుకుంది. అయినా పద్ధతి పద్ధతే. సమీక్షలోంచి దేన్ని తీసేసినా కారణం చెప్పాలి. పళ్ళు నూరుతూనే అందరికీ జవాబిచ్చింది. ఫ్యానుకు, "తిరస్కరించాను. పోల్చి చూడటానికి మరో తరగతి లేదు." పైకప్పుకు, "ఆధారాలు బలహీనం." కుళాయికి, "ఫలితాలు కొలవలేదు."

నెత్తిమీద నీళ్ళు కారుతుంటే ఆధారాలు బలహీనమా అంటూ లైబ్రేరియన్ కొంగు దోపుకుని బయల్దేరింది. మిగతావాళ్ళు ఆమె వెంట నడిచారు. మధ్యాహ్నానికల్లా అందరూ ప్రిన్సిపాల్ గది ముందు బైఠాయించారు.

ప్రిన్సిపాల్ పద్ధతులమ్మను పిలిపించాడు. "ఏంటమ్మా ఇది? ఫిర్యాదులు అడిగిందీ మీరే, కొట్టేసిందీ మీరే. బయట వాళ్ళు నేనే కొట్టేయించానంటున్నారు. ముందు వాటిని ఒప్పుకోండి."

"నేనడిగింది పరిశోధనలు సార్. తీసేసినదాన్ని మళ్ళీ చేర్చాలంటే రెండో మనిషి విడిగా చూసి చెప్పాలి. అది పద్ధతి. నా ఒక్కదాని మాట చెల్లదు."

ఆమె పట్టు తెలిసిన ప్రిన్సిపాల్, ఆ రెండో మనిషిని తానే అవుతానని విసవిసా లైబ్రరీకి వెళ్ళాడు. తలెత్తి చూశాడో లేదో, నానిన పెచ్చు ఒకటి ఊడి సరిగ్గా ఆయన బట్టతల మీద పడింది. సాయంత్రంలోగా తాపీమేస్త్రీ, ప్లంబరు, ఎలక్ట్రీషియను ముగ్గురూ దిగిపోయారు.

పెద్దాయన్ని స్వయంగా కదిలించిన ఘనత పద్ధతులమ్మదేనని చప్పట్లు మోగాయి. "నేను మీకోసం ఏమీ చెయ్యలేదు. నాకు కావలసింది పరిశోధనలు," అని ఆమె మండిపడింది. ఎంత వినయమో చూడండన్నాడు భౌతికశాస్త్రం ఆయన.

ఆమెను అధ్యాపక సంఘానికి అధ్యక్షురాలిగా ఎన్నుకున్నప్పుడు వ్యతిరేకంగా పడిన ఓటు ఒక్కటే, అదీ ఆవిడదే.