శివమ్మ అలగలేదు

ఆ రోజు పొద్దున శివమ్మ స్టవ్ వెలిగించలేదు. జహీరాబాద్‌లో కందుల వ్యాపారం చేసే రేవణసిద్ధప్ప ఇంట్లో ముప్పై ఏళ్లుగా ఇలాంటిది జరగలేదు. ఏ ఊరు బయల్దేరినా తెల్లవారకముందే లేచి, జొన్నరొట్టెలు కొట్టి, ఆ మూటను ఒళ్లో పెట్టుకుని ప్రయాణం చేసే మనిషి ఆమె. ఈసారి మాత్రం కొత్త చీర కట్టుకుని వచ్చి కారులో కూర్చుంది.

“రొట్టెలేవే?” అన్నాడు రేవణసిద్ధప్ప.

“చెయ్యలే. సముద్రం కనపడే హోటల్ల కుర్చీల కూసోని, నాకేం కావాల్నో నేనే చెప్పి, వేరేటోళ్లు తెచ్చిపెడితే తింట. తిన్న పళ్లెం కడగకుండ లేస్త. ఒక్క పూట సాలు. గా ముచ్చట తీరితేనే ఇంటికొస్త.”

కారు నడిపేది కూతురు దీపిక. గోకర్ణం నుంచి ఉడుపి దాకా కర్ణాటక తీరం వెంట ఎక్కడ ఏ శాకాహార హోటల్ బాగుంటుందో ఆ పిల్ల వారం రోజులు వెతికి ఫోన్‌లో రాసుకుంది. “ఫికర్ చెయ్యకమ్మా, పదకొండు హోటళ్లున్నయి,” అంది. రేవణసిద్ధప్ప మారు మాట్లాడకుండా సరేనన్నాడు. ఆయన అంత తొందరగా ఒప్పుకున్నప్పుడే తల్లీకూతుళ్లు అనుమానపడాల్సింది.

పాపం, ఆయన పిసినారి కాడు. మఠాల్లో దాసోహం పేరుతో అందరికీ పెట్టే అన్నం తిని పెరిగినవాడు. పంక్తి పరిచిన చోట ఎవరైనా కూర్చోవచ్చు, కూర్చోకుండా దాటిపోతేనే తప్పు అని ఆయన నమ్మకం. గోకర్ణంలో దిగగానే గుడి భోజనశాలకు దారి తీశాడు. మురుడేశ్వరంలో ఇంకో పంక్తి కనిపెట్టాడు. “దేవుడు పిలిచి పెడుతుంటే హోటలెందుకే?” అనేవాడు. దేవుడి పేరెత్తాక శివమ్మ మాత్రం ఏమంటుంది? రెండు రోజులు గడిచాయి. పదకొండు హోటళ్లలో ఒక్కదాని గడప కూడా తొక్కలేదు.

మూడో రోజు తిరుగు ప్రయాణం. శివమ్మ కొంగు నడుముకు బిగించింది. “బిడ్డా, మంచి హోటల్ చూసి ఆపు. నడుమల గోపురం కనపడితే మీ నాన్నను కండ్లు మూసుకోమను.”

హొన్నావర్ దగ్గర దీపిక ఆపిన హోటల్ సరిగ్గా అలలకు ఎదురుగా ఉంది. శివమ్మ సముద్రం వైపు కుర్చీ లాక్కుని, మెనూ కార్డు రెండుసార్లు చదివి, పల్చటి నీరుదోశెలు, అరటిపండు బన్స్, పుల్లటి కోకం షర్బత్ చెప్పింది.

“చేతులు కడుక్కొస్త,” అని రేవణసిద్ధప్ప లేచాడు.

చేతులు కడిగే చోటికి వెనకాలే ఒక షామియానా. దాని కింద వరసగా అరటాకులు. ఇంక ఆయన కాళ్లు ఆయన మాట వినలేదు. ముంగిట్లో నిలబడ్డ పెద్దమనిషి దేవరాజ్ ఎదురొచ్చి ఏ ఊరని కన్నడంలో అడిగాడు. ఆ తీరంలో జహీరాబాద్ అంటే ఎవరికీ తెలియదని రేవణసిద్ధప్పకు రెండు రోజుల్లోనే అర్థమైంది. అందుకని అందరికీ చెప్పినట్టే చెప్పాడు.

“బీదర్ పక్కోళ్లం.”

దేవరాజ్ ముఖం వెలిగిపోయింది. అది ఆయన కూతురి నిశ్చితార్థం. పెళ్లికొడుకు వాళ్లది బీదరే. అతని మేనత్త, ఆమె భర్త విడిగా కారులో వస్తున్నారని కబురు. వాళ్లనింతవరకు ఆడపెళ్లివాళ్లెవరూ చూడలేదు; ఎరిగిన మగపెళ్లివాళ్లంతా ఇంట్లో పూజ దగ్గరున్నారు. విభూతి రేఖలు, తెల్ల ధోవతి, బీదర్ పక్క! ఇంకేం కావాలి? కాళ్లకు నీళ్లిచ్చి, తీసుకెళ్లి మొదటి ఆకు ముందు కూర్చోబెట్టారు. భక్తులంటే ఇక్కడి వాళ్లకు ఎంత గౌరవమో అనుకున్నాడు రేవణసిద్ధప్ప.

“అమ్మగారేరి?” అన్నాడు దేవరాజ్.

“గా హోటల్ల కూసున్నది. ఈడ తిననంటది,” అన్నాడాయన, ఉన్నదున్నట్టు.

దేవరాజ్ కంగారుగా హోటల్ వైపు చూశాడు. పెళ్లికొడుకు మేనత్త గుమ్మం దాకా వచ్చి హోటల్లో కూర్చుందంటే ఇంకేమిటి, అలిగింది!

శివమ్మ మొదటి దోశె ముక్క తుంచేసరికి నలుగురు ఆడవాళ్లు పసుపు కుంకుమలతో వచ్చి నిలబడ్డారు. ఆమె పుట్టిల్లు బసవకల్యాణం, కన్నడం కొట్టినపిండి. “మీ ఆకు వేసి ఉంచామమ్మా, లేవండి,” అన్నారు. మొగుడు మళ్లీ పంక్తి కనిపెట్టాడని ఆమెకు అర్థమై ఒళ్లు మండింది.

“నేను లెయ్య. మీ భోజనం నాకొద్దు. నాకు గిదే కావాలె.”

వాళ్లు వెళ్లారు, దేవరాజ్ పట్టుచీర పళ్లెంతో వచ్చాడు. “మా వల్ల తప్పు జరిగితే కడుపులో పెట్టుకోండి.”

“మీ తప్పేం లేదన్నా. తప్పంత ఆయనది. ముప్పై ఏండ్ల సంది ఓర్సుకుంటున్న.”

మూడు నెలల కిందట కుదిరిన సంబంధంలో ముప్పై ఏళ్ల కోపం ఎక్కడిదో దేవరాజ్‌కు అంతు పట్టలేదు. చేతులు జోడించి అలాగే నిలబడ్డాడు. ఎదుట మనిషి చేతులు జోడించి నిలబడితే ముద్ద ఎలా దిగుతుంది? దోశెలు చల్లారిపోతున్నాయి. నాన్నను పిలుచుకు రమ్మని శివమ్మ దీపికను పంపింది. దీపికకు అక్కడ మల్లెపూలు పెట్టి, పక్క ఆకు ముందు కూర్చోబెట్టారు.

గోరుచుట్టు మీద రోకలిపోటులా అప్పుడొచ్చింది అసలు మేనత్త తారాబాయి. కారు దిగి చూస్తే, తన భర్తకు దక్కాల్సిన మొదటి ఆకు ముందు ఎవరో పెద్దమనిషి పాయసం జుర్రుతున్నాడు. విసవిసా వెనక్కి తిరిగింది. అలిగి కూర్చోడానికి దగ్గర్లో హోటల్ కుర్చీలే ఉన్నాయి. వచ్చి శివమ్మ ఎదురుగా కూలబడింది.

తను పెళ్లికొడుకు మేనత్తనని, తమ ఆకు ముందు ఇంకెవరో కూర్చున్నారని ఆమె చెప్పగానే దేవరాజ్ తల పట్టుకున్నాడు. జరిగిందేమిటో తెలిసేసరికి శివమ్మకు సిగ్గుతో తల వాలిపోయింది. తన మొగుడు తిన్న పాయసానికి ఒక ఆడపిల్ల సంబంధం చెడిపోతుందా? లేచి వెళ్లిపోదామా అనుకుంది. లేవలేదు. మెనూ కార్డు తారాబాయి ముందుకు జరిపింది.

“వదినా, జర చూడుండ్రి. మీకేం కావాల్నో మీరే చెప్పుండ్రి.”

తారాబాయి కార్డు వైపు, శివమ్మ వైపు చూసింది. “ఏం వండమంటారని అందరినీ నేనడగడమే తప్ప, ఏం తింటావని నన్నెవరూ అడగలేదు,” అంది. బన్స్ చెప్పింది. శివమ్మ వేడి దోశెలు మళ్లీ తెప్పించుకుంది. తింటూ తింటూ గోకర్ణం నుంచి జరిగిందంతా చెప్పింది. మురుడేశ్వరం దగ్గరికి వచ్చేసరికి తారాబాయి నవ్వలేక పొట్ట పట్టుకుంది. ఇంకో షర్బత్ కూడా తాగి, మూతి తుడుచుకుని, “పదన్నా, తాంబూలాలు మార్చుకుందాం,” అని తనే దేవరాజ్‌ను వెంటబెట్టుకుని షామియానాకు నడిచింది.

శివమ్మ ఆఖరి ముక్క నిదానంగా నమిలి, పళ్లెం అక్కడే వదిలేసి, సముద్రాన్ని చూస్తూ కూర్చుంది. కడుపే కాదు, మనసు కూడా నిండింది.

అప్పుడు దీపిక వెనకాల రేవణసిద్ధప్ప తలొంచుకుని వచ్చాడు. తారాబాయి భర్త కోసం ఆయన్ను ఆకు ముందునుంచి లేపేశారు. పాయసమైతే అయింది కానీ అన్నం ఇంకా వడ్డించనే లేదు. కుర్చీ అంచున కూర్చుని, వెయిటర్‌ను పిలిచి మెల్లగా అడిగాడు.

“తినేటందుకు ఏమున్నది?”

వంటగది మూసే వేళయింది. రేవణసిద్ధప్ప జన్మలో చేసిన మొదటి హోటల్ భోజనం ఒక టీ, రెండు బిస్కెట్లు.